సదాశివం గారి అంచు తెగిన నాణేలు

ఇంగ్లండ్‌లోని లీడ్స్ పోలీస్ స్టేషన్‌లో 2025 మే 14, బుధవారం ఉదయం సాక్షి తెలుగులో చెప్పగా, ఇంటర్‌ప్రెటర్ అమరేందర్ సాక్షి మాటల్లోనే రాసిన వాంగ్మూలం.

నా పేరు గుడిపూడి రోజమ్మ. వయసు నలభై ఒకటి. సొంత ఊరు బాపట్ల దగ్గర. ప్రస్తుతం లీడ్స్‌లో హేర్‌హిల్స్‌లో నా భర్త శుభాకర్‌తో, పదేళ్ల కూతురు సారాతో ఉంటున్నాను. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే కేరర్‌గా పని చేస్తున్నాను. ఇండియాలో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశాను.

నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా ఈసారి తెలుగులోనే చెబుతానని నేనే అడిగాను. మార్చిలో ఇదే స్టేషన్‌లో ఇంగ్లీషులో చెప్పాను. అప్పుడు కంగారులో, నేను చూసుకునే పెద్దాయన నోట్లోకి వెళ్లేదంతా నా చేతి మీదుగానే వెళ్తుందని అర్థం వచ్చేలా చెప్పాను. నేను చెప్పాలనుకున్నది ఆయనకు అన్నం తినిపించేది నేనేనని. ఆ మాట వల్ల నేను చాలా ఇబ్బంది పడ్డాను.

డాక్టర్ సదాశివం గారి ఇంటికి నేను కిందటి సెప్టెంబరు నుంచి వెళ్తున్నాను. ఇల్లు రౌండ్‌హేలో పార్కుకు దగ్గర. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా నా డ్యూటీ. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. తెనాలి వాళ్లు. వయసులో ఉండగా ఇక్కడికి వచ్చి, ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య వెంకటరమణమ్మ గారు పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, మధులిక గారు. లండన్‌లో, వెంబ్లీలో ఉంటారు. ఆమె ఇక్కడే పుట్టారు. తెలుగు అర్థమవుతుంది కానీ ఇంగ్లీషులోనే జవాబిస్తారు.

డాక్టర్ గారికి పార్కిన్సన్స్ జబ్బు. రెండు చేతులూ వణుకుతాయి. చెంచా పట్టుకుంటే సగం పప్పు చొక్కా మీదే పడేది. అందుకే స్నానం, బట్టలు, టిఫిను, భోజనం, మాత్రలు అన్నీ నేనే చూసేదాన్ని. వాకర్ లేకుండా నడవలేరు. ఆ వాకర్‌కు ముందు కాళ్ల దగ్గర చక్రం ఒకటి కీచుమంటుంది. ఇంట్లో ఏ మూల ఉన్నా ఆయన కదిలితే నాకు తెలిసేది.

వెనక వైపు భోజనాల గదిలో కిటికీ పక్కన ఒక చెక్క బీరువా ఉంది. అందులో పలచని అరలు. ఒక్కో అరలో ఆకుపచ్చ మఖ్‌మల్ గుడ్డ మీద గుండ్రటి గుంటలు. వాటిల్లో బంగారు నాణేలు. అన్నీ పాతకాలపువి. అన్నిటికీ అంచు ఎంతో కొంత తెగి ఉంటుంది. అందువల్ల గుంట గుండ్రంగా ఉన్నా నాణెం దాన్ని నింపదు. పక్కన సందు కనిపిస్తుంది.

టిఫిను అయ్యాక రోజూ నన్ను ఆ గదిలోకి పిలిచేవారు. ఆయన చేతులతో తీయలేరు కాబట్టి నన్ను తీయమనేవారు. నా వేలిముద్రలు ఆ నాణేల మీద ఉన్నాయంటే కారణం అదే.

మొదటిసారి ఆయన అడిగింది నాకు గుర్తుంది.

“ఏం కనపడుతోంది చెప్పు రోజమ్మా.”

“రాజు మొహం అండీ. పక్కన కొంచెం విరిగిపోయింది.”

“విరగలేదమ్మా. కత్తిరించారు. పూర్వం నాణెం చేతులు మారినప్పుడల్లా ఎవడో ఒకడు అంచున కాస్త కత్తిరించుకుని, మిగతాది పక్కవాడికి అంటగట్టేవాడు. ఆ ముక్కలు పోగేసి కరిగించుకునేవాళ్లు.”

“మరి నిండుగా ఉన్నవి దొరకవా అండీ?”

“ఎందుకు దొరకవు? నాకక్కర్లేదు. నిండుగా ఉందంటే ఏ కుండలోనో పడుకుని ఉందని అర్థం. ఇది చూడు, ఎన్ని చేతులు తిరిగిందో.”

ఆ తర్వాత నవ్వుతూ ఇంకో మాట అన్నారు. “ఈ దేశంలో ఈ పని చేస్తే ఉరి తీసేవాళ్లు, తెలుసా? ఆడమనిషైతే తగలబెట్టేవాళ్లు.” నాకు నవ్వు రాలేదు. నాణెం గుంటలో పెట్టేసి వెళ్లి గిన్నెలు కడుక్కున్నాను.

ఆయన మంచివారు. ఇది రాయండి. నన్ను ఏనాడూ గట్టిగా ఒక మాట అనలేదు. నేను చర్చికి వెళ్లే మనిషినని తెలిసీ నా చేతి వంటే అడిగి తినేవారు. గోంగూర దొరికిన రోజు నేను తెచ్చి పచ్చడి చేస్తే కళ్లు మూసుకుని తినేవారు.

జనవరిలో, పండగ సెలవులు అయ్యాక, పోస్టులో ఒక నాణెం వచ్చింది. ప్యాకెట్టు నేనే విప్పాను. తూర్పు రోము రాజ్యం నాటిదని, పదమూడు వందల ఏళ్ల పాతదని చెప్పారు. దాని మీద గడ్డం ఉన్న చక్రవర్తి ఎదురుగా చూస్తున్నట్టు ఉన్నాడు. ఆ చక్రవర్తి కుడి చెయ్యి ఉండాల్సిన చోట నాణెం తిన్నగా తెగి ఉంది. మణికట్టు దాకానే చెయ్యి ఉంది.

“ఆ చేతిలో శిలువ ఉండేది,” అన్నారు డాక్టర్ గారు. “గోళం మీద శిలువ. కత్తిరించినవాడు చెయ్యితో సహా తీసేశాడు. అయినా చూడు, చుట్టూ ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఎంత ఓపిక గలవాడో.”

ఆ నాణేన్ని ఆయన నన్ను తీయమనలేదు. తానే రెండు వేళ్లతో తీసుకుని వెలుగుకు పట్టి చూశారు. ఆయన చెయ్యి వణకలేదు. మాత్ర ఎప్పటిలాగే ఎనిమిదింటికి వేశాను. మాత్ర వేసినా ఆయన చెయ్యి అంత నిలకడగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. నాణెం గుంటలో పెట్టగానే మళ్లీ వణుకు మొదలైంది.

ఆ రోజు నుంచి ఆయన నన్ను ఆ గదిలోకి పిలవడం మానేశారు. నేను నాణేలను ముట్టుకోవడం కూడా ఆ రోజుతో ఆగిపోయింది.

కొన్నాళ్లకు డాక్టర్ గారు “ఆయన” అంటూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఇడ్లీ పెట్టబోతే, “వద్దు, కడుపు నిండింది. ఇప్పుడే పెట్టారు,” అన్నారు.

“ఎవరు పెట్టారండీ? నేను ఇప్పుడేగా వచ్చాను.”

“ఆయనే.”

“ఆయనంటే ఎవరండీ?”

డాక్టర్ గారు నావైపు జాలిగా చూశారు. రోగికి జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేని డాక్టరు చూసే చూపు అది.

ఈ జబ్బుకు వేసే మాత్రల వల్ల లేనివాళ్లు ఉన్నట్టు కనిపిస్తారని నాకు తెలుసు. అందుకే ఆ రోజే మా కేర్ కంపెనీ యాప్‌లో రాశాను. జీపీ సర్జరీకి, అంటే ఆయన ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌కి కూడా ఫోన్ చేశాను. వాళ్లు ఒక మాత్ర తగ్గించారు. తేడా రాలేదు. ఆయన తిండి తగ్గింది, మనిషి చిక్కిపోయారు. మొహం మాత్రం పెళ్లిభోజనం చేసి లేచినవాడిలా ఉండేది.

ఇప్పుడు స్నానాల గది సంగతి చెబుతాను. జనవరి చివర్లో, ఒక గురువారం, ఉదయం పది ప్రాంతంలో. కింద ఉన్న స్నానాల గదిలో డాక్టర్ గారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వీపు రుద్దుతున్నాను. షవర్ ఆపాను. నా రెండు చేతులకూ సబ్బు ఉంది. భోజనాల గదిలోంచి చప్పుడు వినిపించింది. రేకును కత్తెరతో కత్తిరిస్తే వచ్చే చప్పుడు. క్రిచ్ మని ఒకసారి. కాసేపు ఏమీ లేదు. మళ్లీ క్రిచ్.

నేను “ఎవరూ?” అని అరవబోయాను. డాక్టర్ గారు తడి చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

“మాట్లాడకు,” అన్నారు మెల్లగా. “ఆయనకి చెయ్యి జారుతుంది.”

డాక్టర్ గారు నా చేతుల్లోనే ఉన్నారు. నా రెండు చేతులకూ సబ్బు ఉంది. ఇంకోసారి చప్పుడైంది. ఆయనకు తువ్వాలు కప్పి నేను వెళ్లి చూశాను. గదిలో ఎవరూ లేరు. బీరువా పక్కన బల్ల దగ్గర ఒక కుర్చీ వెనక్కి జరిపి ఉంది, ఎవరో లేచి వెళ్లినట్టు. నేను పొద్దున్నే కుర్చీలన్నీ బల్ల కిందికి తోసి తుడిచాను. వీధి తలుపుకు గొలుసు లోపలి నుంచి వేసే ఉంది.

అది రేడియేటర్ చప్పుడు కాదా అని ఆఫీసర్ గారు ఇప్పుడు అడిగారు. కాదు. ఈ దేశంలో నాలుగు శీతాకాలాలు రేడియేటర్ల పక్కన పని చేశాను. రేడియేటర్ అలా ఆగి, చూసుకుని, మళ్లీ మొదలుపెట్టదు.

ఆ తర్వాత హాల్లో వెంకటరమణమ్మ గారి ఫోటో తుడుస్తుంటే తేడా కనిపించింది. ఫ్రేము ఉన్నట్టే ఉంది. అద్దం ఉన్నట్టే ఉంది. లోపల ఫోటోకు మాత్రం నాలుగు వైపులా అంచు కత్తిరించి ఉంది. చుట్టూ వెనక అట్ట కనిపిస్తోంది. కత్తిరింపు ఆమె పైటకొంగు దాకా వచ్చి, అక్కడ ఆగి, కొంగు మడతల వెంబడే తిరిగింది. నేను డాక్టర్ గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

“ఆమెని ముట్టుకోలేదులే,” అన్నారు.

మరుసటి వారం నా బైబిలు. అది నా సంచిలో ఉంటుంది, సంచి హాల్లో కోటు కింద తగిలిస్తాను. మధ్యాహ్నం బస్సులో తీసి చూస్తే కీర్తనల దగ్గర కొన్ని పేజీలకు పక్క అంచులు లేవు. అక్షరాల పక్కగా, అక్షరాలను ఒరుసుకుంటూ, కత్తిరించి ఉంది. ఒక్క అక్షరం కూడా తెగలేదు. నేను అన్ని పేజీలూ వెతికాను. ఒక్క అక్షరం కూడా తెగలేదు.

ఆ రోజు శుభాకర్‌కు చెప్పాను.

“మానెయ్ రోజా. ఆ ఇల్లు వద్దని చెప్పు.”

“చెప్పాను. తెలుగు వచ్చిన కేరర్ నేనొక్కదాన్నే అంట. మార్చడం కుదరదంట.”

“అయితే ఉద్యోగమే మానెయ్.”

“మానేస్తే వీసా ఏమవుద్ది? నీదీ, పాపదీ కూడా నా వీసా మీదేగా.”

మేమిద్దరం ప్రార్థన చేసుకుని పడుకున్నాం.

ఫిబ్రవరిలో ఒక రోజు మధ్యాహ్నం డాక్టర్ గారు హాల్లో తన కుర్చీలో నిద్రపోయారు. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించి కాస్త కన్ను మూశాను. ఎంతసేపో లేదు. కుక్కర్ ఆవిరి పూర్తిగా దిగక ముందే మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే ఆయన ఎలా ఉన్నవారు అలాగే ఉన్నారు. వాకర్ ఆయనకు ఎదురుగా ఉంది. అది కదిలిన చప్పుడు నాకు వినబడలేదు.

ఇంటికి వెళ్లాక సారా నా వెనక నిలబడి అడిగింది. “మమ్, హూ కట్ యువర్ హెయిర్? ఇట్స్ సో స్ట్రెయిట్.”

నా జడ ముందుకు తీసుకుని చూసుకున్నాను. రబ్బరుబ్యాండు కింద కొస మొత్తం లేదు. స్కేలు పెట్టి కోసినట్టు ఉంది. నేను సారాతో నేనే కత్తిరించుకున్నానని చెప్పాను. అది అబద్ధం. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

మార్చి మొదటి శనివారం మధులిక గారు విలువ కట్టే మనిషిని, ఒక వాల్యుయర్‌ను, తీసుకుని వచ్చారు. ఇన్సూరెన్సు కోసం నాణేలను చూపించడానికి. ఆ రోజు నాకు సెలవే, కానీ నాన్నగారికి స్నానం చేయించాలని ఆమె పిలిస్తే వెళ్లాను. వాల్యుయర్ ఒక పెద్ద ఇంగ్లీషాయన. చిన్న త్రాసు మీద ఒక్కో నాణెం పెట్టి, కొన్నప్పటి చీటీతో పోల్చి చూస్తున్నారు. కొంతసేపటికి ఆయన తూచినవాటినే మళ్లీ తూచడం మొదలుపెట్టారు. ప్రతి నాణెమూ చీటీ మీద ఉన్నదానికన్నా తేలికగా ఉంది. ప్రతి నాణేనికీ పాత కోత పక్కనే కొత్త కోత ఉంది. పాత కోతలు మసకగా ఉన్నాయి. కొత్తవి మెరుస్తున్నాయి.

మధులిక గారు నావైపు తిరిగారు. “రోజమ్మా, ప్లీజ్. జస్ట్ టెల్ మి ద ట్రూత్.”

“నేను కాదండీ. దేవుడి మీద ఒట్టు. నేను జనవరి నుంచి వాటిని ముట్టుకోలేదు.”

“దెన్ హూ? డాడ్? లుక్ ఎట్ హిజ్ హ్యాండ్స్!”

డాక్టర్ గారి చేతులు ఒళ్లో వణుకుతున్నాయి. ఆయన తల ఎత్తి, “ఆ అమ్మాయిని ఏమీ అనకు మధూ. ఆయన పని అది,” అన్నారు. మధులిక గారు ఏడ్చారు. తండ్రి మనసు చెదిరిపోయిందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

ఆ తర్వాత పోలీసులు రావడం, నా ఇల్లు వెతకడం, నేను మొదటి వాంగ్మూలం ఇవ్వడం మీకు తెలుసు. కంపెనీ నన్ను పనిలోంచి పక్కన పెట్టింది. మా ఇంట్లో వెతికినప్పుడు సారా పెన్సిల్ బాక్సులో కత్తెర తీసుకెళ్లారు. అది పిల్లల కత్తెర. కొసలు మొండివి. దాన్ని సంచిలో వేసి సీలు వేస్తుంటే నేను చూశాను. ఆడమనిషైతే తగలబెట్టేవాళ్లు అని ఆయన అన్న మాట ఆ రోజంతా నా చెవుల్లో ఉంది.

ఆ తర్వాతి వారం మంగళవారం డాక్టర్ గారికి కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. నేను అక్కడ లేను. సాయంత్రం మధులిక గారు ఫోన్ చేశారు. ఎక్స్‌రే తీశారని, డాడ్ కడుపు నిండా బంగారం ఉందని చెప్పారు. ఆ ఎక్స్‌రే తర్వాత నాకు ఇక్కడ చూపించారు. నల్లటి కడుపులో తెల్లగా, కత్తిరించిన గోళ్ల లాంటి ముక్కలు. చిన్న నెలవంకల్లా ఒకదాని మీద ఒకటి. ఆపరేషన్ చేసి తీశారు.

బంగారం దొరికింది కాబట్టి నా మీద నింద పోతుందనుకున్నాను. పోలేదు. ఆయనకు తినిపించేది నేనేనని నేనే చెప్పి ఉన్నాను కదా. నాణేలు కత్తిరించి, దొరకకుండా ఆయన అన్నంలో కలిపి పెట్టానని అనుకున్నారు. పెద్దాయనకు హాని చేశానని. ఆ రోజుల్లో నేను అన్నం కలుపుకుంటే నా చేతివైపు నేనే చూసుకునేదాన్ని. శుభాకర్ నైట్ డ్యూటీకి వెళ్లడం మానేసి నా పక్కనే కూర్చునేవాడు.

ఏప్రిల్ చివర్లో మధులిక గారే స్టేషన్‌కు ఒక వీడియో తెచ్చి ఇచ్చారని నాకు ఆఫీసర్ గారు చెప్పారు. ఆమె ఫిబ్రవరిలోనే, నాణేల కాపలాకని, నాకు చెప్పకుండా భోజనాల గదిలో పుస్తకాల అరలో చిన్న కెమెరా పెట్టారట. మొదట నేను ఆ గదిలోకి వచ్చిన ముక్కలు మాత్రమే చూశారట. నేను ఊడవడం, తుడవడం తప్ప వాటిలో ఏమీ లేదు. ఆపరేషన్ అయ్యాక సెలవు పెట్టి కూర్చుని, నేను లేనప్పటివి కూడా మొదటి నుంచి చివరిదాకా చూశారట.

ఆ వీడియోలో ఒక ముక్క ఈ ఉదయం నాకు ఈ గదిలోనే చూపించారు. నేను చూసింది చూసినట్టు చెబుతాను.

పగలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. డాక్టర్ గారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఆయన మీద నేను కప్పిన బూడిద రంగు శాలువా. రెండు చేతులూ శాలువా కింద ఉన్నాయి. వణుకుతున్నట్టు శాలువా కదులుతోంది. ఎదురు కుర్చీ వెనక్కి జరిపి ఉంది. కుర్చీ ఖాళీ. నాణేల అర బల్ల మీద ఉందో లేదో ఆ కుర్చీ వీపు అడ్డం వచ్చి కనిపించదు. దూరంగా కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. అది నేను వంటింట్లో పెట్టిన పప్పు. తర్వాత నా దగ్గు కూడా వినిపిస్తుంది. తర్వాత ఆ చప్పుడు. క్రిచ్.

డాక్టర్ గారు తల ఎత్తారు. తనకన్నా పొడుగైన మనిషి వంగితే చిన్నపిల్లలు చూసినట్టు పైకి చూశారు. నోరు తెరిచారు. చేతులు శాలువా కిందే ఉన్నాయి. నోరు మూసుకున్నారు. గుటక వేశారు. గొంతు కదలడం నాకు కనిపించింది. నవ్వారు. మళ్లీ క్రిచ్. మళ్లీ నోరు తెరిచారు.

ఇంకా చూస్తారా అని ఆఫీసర్ గారు అడిగారు. వద్దన్నాను. ఆఫీసర్ గారు కూడా స్క్రీను వైపు చూడటం లేదు.

వీడియో వచ్చాక నా మీద అనుమానం తీసేశామని మీరు చెప్పారు. కంపెనీ మళ్లీ పనిలోకి రమ్మని రాసింది. అయినా ఇంకో విషయం అడగాలని నన్ను ఈ రోజు పిలిచారు. ఆపరేషన్‌లో తీసిన ముక్కలను వాల్యుయర్ భూతద్దం పెట్టి ఒక్కో నాణేనికీ జత చేశారట. ప్రతి ముక్కా ఏదో ఒక కొత్త కోతకు సరిపోయింది. ఒక్క ముక్క మిగిలింది. దాని కోత మెరవడం లేదు. అరిగి, మసకబారి ఉంది. అది జనవరిలో వచ్చిన చక్రవర్తి నాణెం పాత కోతకు అతికినట్టు సరిపోయింది. పదమూడు వందల ఏళ్ల కిందటి కోతకు.

ఆ ముక్క ఫోటో నాకు చూపించారు. ముక్క మీద ఒక చెయ్యి ఉంది. మణికట్టు దగ్గర నుంచి వేళ్ల దాకా. చేతిలో గోళం. గోళం మీద శిలువ.

ఈ ముక్క డాక్టర్ గారి దగ్గర విడిగా ఎప్పుడైనా చూశారా అని అడిగారు. లేదు. ఆ నాణెం వచ్చిన ప్యాకెట్టు విప్పింది నేనే. అందులో ఒక్క నాణెమే ఉంది. అమ్మినవాళ్లు కూడా అదే చెప్పారని ఆఫీసర్ గారు అన్నారు. అలాంటి ముక్కలు ఆ కాలంలోనే కరిగించుకునేవాళ్లని డాక్టర్ గారే నాతో అన్నారు. నాకు ఇంతకు మించి తెలియదు. ఆ ఫోటో చూశాక నేను మంచినీళ్లు అడిగి తాగాను.

డాక్టర్ గారు బతికారు. మొన్న ఆదివారం చర్చి అయ్యాక నేను ఆసుపత్రికి వెళ్లి చూశాను. మధులిక గారు వార్డు బయటే నన్ను ఆపారు. నా రెండు చేతులూ పట్టుకుని, తెలుగులో, కూడబలుక్కుంటూ, “రోజమ్మా, తప్పు నాది. నన్ను క్షమించు,” అన్నారు. ఆమె తెలుగులో మాట్లాడగా వినడం నాకు అదే మొదలు. నాన్నను తన దగ్గరికి వెంబ్లీకి తీసుకెళ్లలేనని, ఆయన ఆ ఇంటికే పోతానంటున్నారని, నన్ను మళ్లీ రమ్మని అడిగారు. నాణేలు పోలీసుల దగ్గరే ఉన్నాయని, ఇంటికి తిరిగి రానివ్వనని చెప్పారు.

నేను వస్తానన్నాను. ఎందుకన్నానో శుభాకర్‌కు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను. అతను నాతో రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. నేను వెళ్లకపోతే ఎవరో ఒక కొత్త మనిషి వెళ్తుంది. ఆయన చెప్పే మాట ఒక్కటీ ఆమెకు అర్థం కాదు. ఆయన ఆ ఇంట్లో మాట తెలిసిన మనిషి లేకుండా కూర్చుంటారు. అలా కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు.

మంచం దగ్గరికి వెళ్తే ఆయన నన్ను గుర్తుపట్టారు. మొహంలో కళ వచ్చింది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన మెత్తటి అన్నంలో నేను తీసుకెళ్లిన పెరుగు కలిపి తినిపించాను. గిన్నె ఖాళీ చేశారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మూతి తుడుస్తుంటే ఆయన పక్కన ఉన్న విజిటర్ల కుర్చీ వైపు చూశారు. దాని మీద నా కోటు కూడా లేదు. కోటు నా ఒంటి మీదే ఉంది.

“మరి ఆయనకి పెట్టావా?” అని అడిగారు.

నేను గిన్నె కడగడానికి వెళ్లిపోయాను.

ఈ వాంగ్మూలాన్ని అమరేందర్ గారు నాకు మొదటి నుంచి తెలుగులో చదివి వినిపించారు. వీడియో గురించి రాసిన చోట “ఆ సమయంలో ఇంట్లో మేమిద్దరమే ఉన్నాము” అని ఒక వాక్యం ఉంది. అది నేను చెప్పలేదు. ఆఫీసర్ గారి ప్రశ్నను బట్టి రాశారట. దాన్ని తీసేయమని అడిగాను. అలా రాయకపోతే మూడో మనిషి ఉన్నట్టు అర్థం వస్తుందని అమరేందర్ గారు అన్నారు. “ఇంకెవరన్నా ఉన్నరని రాయమంటవా అక్కా?” అని అడిగారు. అదీ రాయొద్దన్నాను. ఎవరో ఉన్నారని నేను ప్రమాణం చేయలేను. ఎవరూ లేరని కూడా ప్రమాణం చేయలేను. ఆఫీసర్ గారు ఒప్పుకున్నారు. ఆ వాక్యం కొట్టేసి, కొట్టేసిన చోట పక్కన నేను పొట్టి సంతకం పెట్టాను.

మిగిలినదంతా నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో అబద్ధం ఉంటే శిక్షకు నేనే బాధ్యురాలినని తెలిసే సంతకం చేస్తున్నాను.

(సం.) గుడిపూడి రోజమ్మ